చిన్న ఊళ్లో మిద్దె కొనేవారు బయానాకు ముందే చేయవలసిన పనులు

మోకాళ్ల నొప్పుల వల్ల మా అమ్మానాన్నలు కర్నూలులో రెండో అంతస్తుకు ఎక్కి దిగడం కష్టమైనప్పుడు, వారి కోసం కుందూ నది పరీవాహకంలోని ఒక చిన్న పట్టణంలో పై అంతస్తు లేని ఇల్లు కొనాలని మా కుటుంబం నిర్ణయించుకున్నది. రాయలసీమలో మిద్దె అని, కోస్తాలో డాబా అని పిలిచే ఇటువంటి ఇళ్లకు చిన్న ఊళ్లలో ప్రకటనలు ఉండవు. టీ కొట్టు దగ్గరో, గుడి అరుగు మీదో, పెళ్లి పందిట్లోనో మాట పుడుతుంది. మధ్యవర్తి ఒకరు వచ్చి ఇల్లు చూపిస్తారు. ధర నచ్చిందని తెలియగానే ఆ సాయంత్రమే బయానా అడుగుతారు. కొనేవారు నష్టపోయేది ఆ సాయంత్రమే. నగరంలో అపార్టుమెంటు కొనేటప్పుడు అప్పు ఇచ్చే బ్యాంకు న్యాయవాది అయినా ఒకసారి కాగితాలు తిరగేసి ఉంటాడు గాని, చిన్న ఊళ్లో ఆ పని మొత్తం కొనేవారి మీదే పడుతుంది. అందువల్ల ఇక్కడ చెప్పే పరిశీలన అంతా డబ్బు చేతులు మారక ముందు చేయవలసినదే. బయానా ఇచ్చిన తరువాత తేలిన లోపాన్ని సరిచేయించుకోవడానికి మనమే అమ్మేవారి చుట్టూ తిరగవలసి వస్తుంది.

స్థలం ఎటువంటిది?

ఇల్లు ఎంత బాగున్నా, దాని కింద ఉన్న నేల అమ్మదగినదో కాదో మొదట తేల్చుకోవాలి. చిన్న ఊళ్లలో పాత ఇళ్లు ఎక్కువగా గ్రామకంఠంలో ఉంటాయి. గ్రామకంఠం అంటే ఊరివారి నివాసం కోసం రెవెన్యూ రికార్డులలో విడిచిపెట్టిన భూమి. దానికి పొలానికి ఉన్నట్లు పట్టా గాని, అడంగల్‌ అనే గ్రామ భూమి రికార్డులో పేరు గాని సాధారణంగా ఉండవు. తరతరాల అనుభవం, ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులే హక్కుకు ఆధారాలు. ఈ లోటును పూరించడానికే కేంద్రం 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకాన్ని ప్రారంభించి, డ్రోన్లతో ఆబాదీ ప్రాంతాలను, అంటే ఊరి నివాస స్థలాలను కొలిపించి ఆస్తి కార్డులు ఇప్పించే పని చేపట్టింది. అమ్మేవారికి అటువంటి కార్డు ఉంటే మంచిది. లేకపోతే కనీసం ముప్పై ఏళ్ల కిందటి దస్తావేజు నుంచి నేటి వరకు తెగకుండా వచ్చిన లింకు డాక్యుమెంట్లను, పాత ఇంటి పన్ను రసీదులను అడిగి తీసుకోవాలి.

ఊరి చివర ఇళ్ల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఇంటి స్థలంలో కట్టుకున్న ఇల్లు చూడటానికి పక్క ఇంటిలాగే ఉంటుంది గాని, 1977 నాటి అసైన్డ్ భూముల బదిలీ నిషేధ చట్టం దానికి వర్తించవచ్చు. ఆ చట్టానికి కాలక్రమంలో సవరణలు వచ్చాయి కనుక, ఆ పట్టా ఏ సంవత్సరంలో, ఏ షరతులతో ఇచ్చారో తహసీల్దారు కార్యాలయంలో తెలుసుకోకుండా, "అందరూ అమ్ముకుంటున్నారు" అనే మాట మీద ఆధారపడకూడదు. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూముల సర్వే నంబర్లు రిజిస్ట్రేషన్ చట్టంలోని 22ఏ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉంటాయి. ఇంటి సర్వే నంబరు తెలుసుకుని ఆ జాబితాలో ఉన్నదో లేదో చూడటం పది నిమిషాల పని.

ఏజెన్సీ ప్రాంతం సంగతి వేరు. పాడేరు, అరకు, రంపచోడవరం, ఉట్నూరు వంటి షెడ్యూల్డ్ ప్రాంతాలలో 1959 నాటి ఒకటో నంబరు భూబదలాయింపు నిబంధన, దానికి 1970లో వచ్చిన సవరణ ప్రకారం గిరిజనేతరుడు స్థిరాస్తి కొనడానికి వీలు లేదు; అమ్మేవాడు గిరిజనేతరుడే అయినా సరే. అక్కడ తెల్ల కాగితం మీద రాయించుకుని ఇల్లు కొనడం గిరిజనుల హక్కుకు అన్యాయం, కొన్నవారికి నష్టం కూడా.

అమ్మేవారు ఎందరు?

మేము పొరబడింది ఇక్కడే కనుక దీనిని విపులంగా రాస్తున్నాను. మాకు మొదట నచ్చిన ఇల్లు ఇద్దరు అన్నదమ్ములది. ఈసీ (ఆస్తిపై రిజిస్టరైన లావాదేవీలను చూపే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) శుభ్రంగా ఉంది, ఇంటి పన్ను పెద్దాయన పేరనే వస్తోంది, ఇరుగుపొరుగు కూడా వారిని మంచివారనే చెప్పారు. రెండు లక్షల రూపాయల బయానా ఇచ్చి అగ్రిమెంటు రాసుకున్న పదిహేను రోజులకు, అనంతపురంలో వారి అక్క ఒకామె ఉన్నదని, ఆమెకు ఈ అమ్మకం గురించి చెప్పలేదని తెలిసింది. అన్నదమ్ములు మోసం చేయాలనుకోలేదు; ఆమె పెళ్లికి కట్నం ఇచ్చాము కాబట్టి ఇంటిలో ఆమెకు భాగం లేదని వారు నిజంగానే నమ్మారు. ఆమె భాగం సొమ్ము ఆమెకు ముట్టి, ఆమె వచ్చి సంతకం చేసేసరికి ఏడు నెలలు గడిచాయి. అప్పటి వరకు మా డబ్బు అక్కడే ఉండిపోయింది, మా తల్లిదండ్రులు మెట్లు ఎక్కుతూనే ఉన్నారు.

చట్టం ఏమి చెబుతుందో కొనేవారికి తెలిసి ఉండాలి. తండ్రి సొంతంగా సంపాదించిన ఇల్లు ఆయన వీలునామా రాయకుండా మరణిస్తే, 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం భార్యకు, కొడుకులకు, కూతుళ్లకు, అప్పటికి బతికి ఉంటే ఆయన తల్లికి కూడా సమాన భాగం వస్తుంది. ఈ తల్లి భాగాన్ని చాలామంది మరిచిపోతారు. ఆమె తరువాత ఆమె వాటా ఆమె పిల్లలందరికీ, అంటే అమ్మేవారి పినతండ్రులకు, మేనత్తలకు కూడా చేరుతుంది. ఇక పిత్రార్జితమైన ఉమ్మడి ఆస్తిలో, ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ వల్ల 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు కొడుకులతో సమానంగా హక్కు వచ్చింది. 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్లితో నిమిత్తం లేకుండా ఆ హక్కును కూతుళ్లందరికీ ఇచ్చింది. ఆ తేదీ నాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. ఆడబిడ్డ సంతకం లేని ఇల్లు కొనడం చట్టరీత్యా ప్రమాదకరం, న్యాయరీత్యా తప్పు. ఆమెకు రావలసినది రాకుండా మనకు తక్కువ ధరకు ఇల్లు దొరుకుతుందంటే, ఆ తగ్గిన ధర ఆమె సొమ్మే.

కాబట్టి ఈసీ చూడక ముందే, అమ్మే ఇంటి పెద్దను కూర్చోబెట్టి వంశవృక్షం కాగితం మీద గీయించుకోవాలి. తాత పేరుతో మొదలుపెట్టి, ఆయన భార్యలు, పిల్లలు, పోయినవారు పోయిన సంవత్సరం, వారి పిల్లలు, ఎక్కడెక్కడ ఉంటున్నారు అన్నీ రాయించాలి. తరువాత తహసీల్దారు ఇచ్చే కుటుంబ సభ్యుల ధ్రువపత్రంతోను, రేషన్ కార్డుతోను దానిని పోల్చుకోవాలి. ఆ తరువాత, మధ్యవర్తి లేకుండా, అదే వీధిలో ఎక్కువ కాలంగా ఉంటున్న ఒక పెద్దావిడను అడగాలి. పెళ్లి చేసుకుని వెళ్లిన ఆడపిల్లల పేర్లు కాగితాలలో లేకపోయినా ఆమెకు గుర్తుంటాయి. మైనరు వారసుల వాటా ఉంటే కోర్టు అనుమతి విషయం న్యాయవాదితో మాట్లాడకుండా అడుగు ముందుకు వేయకూడదు. అందరి తరఫున ఒకరే వచ్చి జీపీఏ (తమ తరఫున వ్యవహరించే అధికారం ఇస్తూ రాసిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) చూపిస్తే, అది రిజిస్టరు అయినదో కాదో, రాసిచ్చినవారు నేటికీ జీవించి ఉన్నారో లేదో విచారించాలి. జీపీఏ ద్వారా జరిపే అమ్మకాలు వాటంతట అవే యాజమాన్యాన్ని బదిలీ చేయవని సుప్రీంకోర్టు 2011లోనే చెప్పింది.

ఈసీ విషయంలో ఒక మాట. ఆన్‌లైన్‌లో ఈసీ 1983 నుంచి దొరుకుతుంది. అంతకు ముందు కాలానికి సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవాలి. ఈసీలో కనిపించేవి రిజిస్టరైన లావాదేవీలు మాత్రమే. అసలు దస్తావేజు ఎవరి దగ్గరో పెట్టి తెచ్చుకున్న చేబదులు, రిజిస్టరు చేయని అగ్రిమెంటు, కోర్టులో నడుస్తున్న భాగాల దావా అందులో కనిపించకపోవచ్చు. అందువల్ల జిరాక్సులతో సరిపెట్టుకోకుండా అసలు దస్తావేజులు చేతిలోకి తీసుకుని చూడాలి. "బీరువా తాళం తమ్ముడి దగ్గర ఉంది" అన్న సమాధానం వస్తే, తమ్ముడు వచ్చే వరకు ఆగాలి.

హద్దులు

చిన్న ఊళ్లో పాత దస్తావేజులలో కొలతల కంటె చెక్కుబందీ ముఖ్యమైనది. తూర్పున ఫలానావారి ఇల్లు, పడమట రస్తా, ఉత్తరాన ఉమ్మడి గోడ, దక్షిణాన ఫలానావారి దొడ్డి అని రాసి ఉంటుంది. ఆ పేర్లవారు ఇప్పుడు లేరు, ఆ దొడ్డిలో మరొకరి ఇల్లు లేచి ఉంటుంది. విస్తీర్ణానికి, హద్దులకు పొంతన లేనప్పుడు న్యాయస్థానాలు సాధారణంగా హద్దులకే ప్రాధాన్యం ఇస్తాయి కనుక, నాలుగు వైపులా ఇప్పుడు ఎవరున్నారో చూసి, పాత పేర్ల నుంచి ఇప్పటి పేర్లకు ఎలా వచ్చాయో రాసుకోవాలి. విస్తీర్ణం చెప్పే లెక్క కూడా ప్రాంతాన్ని బట్టి మారుతుంది. సెంటు అంటే 48.4 చదరపు గజాలు, గుంట అంటే 121 చదరపు గజాలు. అంకణం మాత్రం నెల్లూరు వైపు 72 చదరపు అడుగులు, కొన్ని చోట్ల 36. మూడు సెంట్లు అని చెప్పిన స్థలం 145.2 చదరపు గజాలు ఉన్నదో లేదో టేపు పట్టి సొంతంగా కొలుచుకోవాలి.

ఉమ్మడి గోడ ఉంటే అది ఎవరిదో, దానిపై ఎవరి దూలాలు ఆనుతున్నాయో, మిద్దె మీది వాన నీరు ఏ వైపుకు దిగుతుందో పొరుగువారి ఎదుటే మాట్లాడుకోవాలి. పొరుగింటి నీళ్ల గొట్టం మన పెరట్లోకి దిగుతూ నలభై ఏళ్లుగా ఉంటే, మనం కొన్న మరుసటి రోజు దానిని మూసివేయగలమని అనుకోకూడదు.

ఇంటిని ఎలా చూడాలి?

ఇంటిని కనీసం మూడుసార్లు చూడాలి: మధ్యాహ్నం ఎండలో, రాత్రి దీపాలు పెట్టిన తరువాత, వాన పడుతుండగా. మూడోది అన్నిటికంటె ముఖ్యం. చిన్న ఊళ్లలో సిమెంటు రోడ్డు మీద మళ్లీ సిమెంటు రోడ్డు వేస్తూ పోవడం వల్ల, ఒకప్పుడు వీధి కంటె ఎత్తున ఉన్న ఇళ్లు ఇప్పుడు పల్లంలోకి వెళ్లిపోయాయి. మేము చూసిన ఒక ఇంటి వాకిలికి ఒకప్పుడు మూడు మెట్లు ఉండేవట. మేము చూసేసరికి ఒక్క మెట్టే కనబడుతున్నది, మిగిలిన రెండు రోడ్డు కింద ఉన్నాయి. ఎదురింటి అవ్వ మమ్మల్ని పిలిచి, "పెద్ద వాన కొడితే మోరీ నీళ్లు నడింట్లోకి వస్తాయి నాయనా, బియ్యం మూటలు మంచాల మీదికి ఎత్తుకుంటారు" అని చెప్పింది. లోపలికి వెళ్లి చూస్తే నడింటి గోడకు జానెడు ఎత్తున, కొత్తగా వేసిన సున్నం కింద గోధుమరంగు గీత సన్నగా కనబడింది. ఆ గీత కోసం ప్రతి ఇంట్లోనూ వెతకాలి. తాపీమేస్త్రీలు మట్టం చూడటానికి వాడే నీళ్ల గొట్టం ఒకటి తీసుకువెళ్లి, రోడ్డు మధ్య భాగానికి, గడపకు మధ్య తేడా ఎన్ని అంగుళాలో కొలవాలి. గడప రోడ్డు కంటె కనీసం అడుగున్నర ఎత్తున లేని ఇంటిని నేను కొనను. ఆ ఎత్తు కూడా రాబోయే రెండు రోడ్లకు సరిపోతుందేమో.

నంద్యాల, కోవెలకుంట్ల ప్రాంతాలవంటి నల్లరేగడి నేలల్లో గోడల పగుళ్లను శ్రద్ధగా చదవాలి. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోయి నెర్రెలు వారుతుంది. పునాది గట్టి నేల వరకు దిగకపోతే గోడ ఆ కదలికతో పాటు కదులుతుంది. పూతలో వెంట్రుకవాసి చీలికలు వస్తే భయం లేదు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా పైకి పాకిన పగులు, రాయి వరసల వెంట మెట్లు మెట్లుగా దిగిన పగులు ఉంటే, దాని రెండు కొనల దగ్గర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసి, నెల రోజుల తరువాత మళ్లీ చూడాలి. గీత దాటి పగులు పెరిగితే, ఆ ఇంటి పునాది ఇంకా కుదురుకోలేదని అర్థం.

పాత మిద్దెలకు దూలాలు, దంతెలు వేసి, పైన నాపరాళ్లు పరచి చౌడు మట్టి వేసేవారు. అవి ఎండాకాలంలో చల్లగా ఉంటాయి, కాని దంతెల కొనలు గోడలో దిగిన చోట చెదలు పడతాయి. అక్కడ ఒక సన్నని మేకు గుచ్చి చూడాలి. కర్ర గట్టిగా ఉంటే మేకు దిగదు. ద్వారబంధాల అడుగు భాగం కూడా అలాగే చూడాలి. సిమెంటు స్లాబు అయితే, కర్రతో అడుగు అడుగునా తట్టుతూ వెళ్లాలి: డొల్ల శబ్దం వచ్చిన చోట పూత విడిపోయి ఉంటుంది, దాని వెనుక ఇనుము తుప్పు పట్టి ఉబ్బి ఉండవచ్చు. వంటింటి పైన, స్నానాల గది పైన ఇది ఎక్కువ. కొత్తగా సున్నం వేసిన స్లాబును మరింత అనుమానంతో చూడాలి.

పై అంతస్తు లేని ఇంటిలో ప్రతి గదీ స్లాబు కిందే ఉంటుంది కాబట్టి, ఎండాకాలం వేడి మొత్తం నెత్తి మీదికే దిగుతుంది. సాయంత్రం ఏడు గంటలకు పడకగది గోడపై, ముఖ్యంగా పడమటి గోడపై అరచేయి పెట్టి చూస్తే రాత్రి నిద్ర పడుతుందో లేదో తెలుస్తుంది. స్లాబు పైన తెల్ల సున్నం పూయడం, పడమట చెట్టు పెంచడం కొంత ఉపశమనం ఇస్తాయి. తరువాత పైన గదులు వేయాలనే ఆలోచన ఉంటే, పిల్లర్లు ఉన్నాయో లేదో, గోడలు మట్టితో కట్టారో సిమెంటుతో కట్టారో ఇంజనీరుకు చూపించాలి. మట్టి జోడింపు గోడల మీద అంతస్తు వేయకూడదు.

పెద్దవాళ్ల కోసం కొనేవారు మరుగుదొడ్డి పెరట్లో ఉన్నదో, ఇంటిలోనే ఉన్నదో, మధ్యలో ఎన్ని గడపలు దాటాలో లెక్కపెట్టాలి. నీటి సంగతి పొరుగువారిని అడగాలి: పంచాయతీ కొళాయి ఎన్ని రోజులకు ఒకసారి వస్తుంది, ఏప్రిల్‌, మే నెలల్లో బోరు ఎండుతుందా. ఫ్లోరైడు సమస్య ఉన్న కనిగిరి, నల్లగొండ వైపు అయితే బోరు నీటిని పరీక్ష చేయించకుండా తాగునీటికి దానిపై ఆధారపడకూడదు.

డబ్బు, రిజిస్ట్రేషన్

ఇవన్నీ తేలిన తరువాతే బయానా. అగ్రిమెంటులో వారసులందరూ సంతకం చేయాలి. మొత్తం ధర, గడువు తేదీ, అంతలో హక్కు లోపం బయటపడితే బయానా ఎన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలో స్పష్టంగా ఉండాలి. స్థిరాస్తి అమ్మకంలో 20,000 రూపాయలు గాని అంతకు మించి గాని నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధిస్తుంది, బయానాకు కూడా ఇది వర్తిస్తుంది. చెక్కు ద్వారానో బ్యాంకు బదిలీ ద్వారానో ఇస్తే, ఎవరికి ఎంత ఇచ్చామన్న సాక్ష్యం కూడా మనకు మిగులుతుంది; వాటాదారులకు వేర్వేరుగా వారి ఖాతాలలోనే వేయడం మేలు. ధర 50 లక్షలు, ఆపైన అయితే ఒక శాతం మూలం వద్ద పన్ను మినహాయించి కట్టే బాధ్యత కొనేవారిదే.

ఆంధ్రప్రదేశ్‌లో స్టాంపు సుంకం 5 శాతం, బదిలీ సుంకం 1.5 శాతం, రిజిస్ట్రేషన్ రుసుము 1 శాతం, మొత్తం 7.5 శాతం అవుతుంది. 20 లక్షల ఇంటికి ఇది లక్షా యాభై వేలు. తెలంగాణలో కూడా మొత్తం 7.5 శాతమే. ప్రభుత్వ మార్కెట్ విలువ, మనం రాసుకున్న ధరలలో ఏది ఎక్కువైతే దాని మీద లెక్కిస్తారు. ఈ రేట్లు ప్రభుత్వ ఉత్తర్వులతో మారుతుంటాయి కాబట్టి రాయించే ముందు సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో ఒకసారి అడగాలి. బ్యాంకు అప్పు కావాలంటే, ప్లాను ఆమోదం లేని పాత గ్రామకంఠం ఇళ్లకు అప్పు దొరకడం కష్టమని ముందే తెలుసుకుని, అగ్రిమెంటుకు ముందే బ్యాంకు మేనేజరుతో మాట్లాడాలి.

దస్తావేజు లేఖరి రాసిన చిత్తుప్రతిని ఇంటికి తెచ్చుకుని, పాత దస్తావేజు పక్కన పెట్టుకుని, చెక్కుబందీ అక్షరం అక్షరం చదవాలి. మా దస్తావేజులో ఉత్తరం, దక్షిణం తారుమారయ్యాయి. మా నాన్న రాత్రి కళ్లద్దాలు పెట్టుకుని చదివి పట్టుకోకపోతే సవరణ దస్తావేజు కోసం అనంతపురం అక్కతో సహా అందరినీ మళ్లీ పిలవవలసి వచ్చేది.

రిజిస్ట్రేషన్ పూర్తయిన వారంలోపే పంచాయతీ లేదా నగర పంచాయతీ కార్యాలయంలో ఇంటి పన్ను పేరు మార్పుకు, విద్యుత్ సర్వీసు పేరు మార్పుకు, కొళాయి కనెక్షన్‌కు దరఖాస్తులు ఇచ్చి రసీదులు తీసుకోవాలి. పాత బకాయిలు ఎవరు కట్టాలో అగ్రిమెంటులోనే రాసి ఉంటే ఇక్కడ మాట తేడా రాదు. నెల తరువాత కొత్త ఈసీ తీసి మన పేరు ఎక్కినదో లేదో చూసుకోవాలి. తాళం చెవులు తీసుకున్న రోజే పొరుగువారిని పిలిచి, వారి ఎదుటే నాలుగు మూలలా నాపరాయి ముక్కలు పాతించి, ఆ రాళ్లకూ రోడ్డుకూ మధ్య దూరాలు కొలిచి, దస్తావేజు నకలు వెనుక రాసి పెట్టుకోవాలి.